పాఠశాల నర్సు

ఒక గురుకుల పాఠశాలను ఊహించుకొనుడు. ఉదయ ప్రార్థన ముగిసినది. గంట మ్రోగినది. బాలికలందఱును వరుసలు తీరి తరగతులకు పోవుచున్నారు. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాత్రము వరుస విడిచి, కడుపు చేతబట్టుకొని, వసారా చివరనున్న చిన్న గదివైపు మెల్లగా నడచుచున్నది. ఆ గదిలో ఒక మంచము, ఒక మేజాబల్ల, ఒక మందుల బీరువా, బరువు తూచు యంత్రము ఉన్నవి. అది నర్సు గది.

ఆ నెలలో ఆ బాలిక ఆ గదికి పోవుట అది ఐదవసారి. తోడి బాలికలు ముసిముసి నవ్వులు నవ్విరి. “లెక్కల గంట దగ్గఱకు రాగానే దానికి కడుపునొప్పి వచ్చును” అని యొకతె యనెను. “అంతయు నటన” అని మఱియొకతె యనెను. ఆ మాటలు ఆ బాలిక చెవిని బడినవి. ఆమె కన్నులు చెమర్చినవి. కడుపునొప్పి మఱింత హెచ్చినది.

ఆమెకు జ్వరము లేదు. తినరానిది ఏదియు తినలేదు. అట్లని ఆమె అబద్ధమాడుటయు లేదు. మఱి ఆ నొప్పి ఎక్కడినుండి వచ్చినది? దానికి మందేమి? ఆ చిన్న గదిలోని నర్సు దానిని ఎట్లు మాన్పగలదు? ఈ పాఠమున మనము తెలిసికొనవలసినది ఇదియే.

భయపడుట లోపము కాదు. భయము ప్రకృతి మనకిచ్చిన కావలివాడు. అడవులలో తిరుగాడిన ఆదిమానవునికి ఎదుట పులి కనబడినచో, కూర్చుండి ఆలోచించుటకు వ్యవధి యుండెడిది కాదు. అతడు పోరాడవలెను, లేదా పరుగెత్తవలెను. ఆ రెంటికిని శరీరము క్షణములో సిద్ధము కావలెను. అందుచేత మెదడు ఆపదను పసికట్టగానే, మూత్రపిండములపై టోపీలవలె నమరియున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి వడివడిగా ఆడును. కాలుసేతుల కండరములకు రక్తము ఎక్కువగా ప్రవహించును. అట్టి సమయమున అన్నము అరిగించుకొనుట అంత అవసరము కాదు. కావున జీర్ణకోశమునకు పోవు రక్తము తగ్గును. నోరెండును, అరచేతులు చెమర్చును, కడుపులో త్రిప్పినట్లుండును.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడుండెను. ఆయన ఎక్స్-కిరణముల సాయముతో పిల్లుల జీర్ణకోశపు కదలికలను పరిశీలించుచుండగా ఒక వింత కనబడెను. పిల్లి నెమ్మదిగా నున్నంతసేపు జీర్ణకోశము తన పని తాను చేసికొనుచుండెను. పిల్లి కలవరపడగానే ఆ కదలికలు ఆగిపోయెను. భయము మనస్సునకు మాత్రమే సంబంధించినదని తలచువారికి ఇది గొప్ప పాఠము. భయము, కోపము, ఆకలి, నొప్పి శరీరమునందు తెచ్చు మార్పులనుగూర్చి కానన్ 1915లో ఒక గ్రంథమును ప్రకటించెను.

నల్లబల్ల పులి కాదు. లెక్కల ఉపాధ్యాయుడు సింహమును కాడు. అయినను, “అందఱియెదుట తప్పు చేసెదనేమో, అందఱును నవ్వెదరేమో” అను తలంపు కలిగినంతనే మెదడు పులిని చూచినట్లే గంట కొట్టును. శరీరము పరుగునకు సిద్ధమగును. కాని బాలిక బల్లపై కదలక కూర్చుండవలెను. ఎక్కడికి పరుగెత్తగలదు? ఆపద రాకముందే, వచ్చునేమోయని మనస్సు పదేపదే తల్లడిల్లుటకు ఆందోళన యని పేరు. ఆ తల్లడము కడుపునొప్పిగా, తలనొప్పిగా, గుండెదడగా బయటపడును. కావున ఆ బాలిక నొప్పి నిజమైన నొప్పియే. దాని మూలము మాత్రము అన్నములో లేదు, భయములో నున్నది.

ఇట్టి బిడ్డను ఏమి చేయవలెను? ఇంటికి పంపివేయుట అన్నిటికంటె సులభము. కాని ఇంటికి పంపుట చికిత్స కాదని నూఱేండ్లకు పూర్వమే ఒక మహానగరము తెలిసికొనినది. పాఠశాలకు నర్సు వచ్చిన కథయు అదియే.

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో న్యూయార్కు నగరమున వైద్యులు పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించుచుండిరి. ట్రకోమా యను కంటిజబ్బు, గజ్జి, తామర, తలలో పేలు మొదలగునవి ఉన్న పిల్లలను తక్షణమే ఇండ్లకు పంపివేయుచుండిరి. అంతటితో వారి పని ముగిసెడిది. ఆ పిల్లలలో అనేకులు దూరదేశములనుండి వలసవచ్చిన బీదవారి బిడ్డలు. మందు కొనుటకు వారి తల్లిదండ్రులకు డబ్బు లేదు. వైద్యుని చీటీలోని భాషయు వారికి తెలియదు. బిడ్డలు పగలంతయు వీథులలో తిరుగుచు, బడి విడిచిన పిమ్మట అదే తోడిపిల్లలతో ఆడుకొనుచుండిరి. చదువు పోయినది, వ్యాధియు పోలేదు.

ఆ నగరముననే లిలియన్ వాల్డ్ అను నర్సు 1893లో బీదల పేటలో నివసించుచు రోగులకు సేవచేయ నారంభించెను. ఆమె నెలకొల్పిన సేవాసంస్థ హెన్రీ వీథి పేరుతో ప్రసిద్ధమైనది. తలపై పుండ్లున్నందున పండ్రెండేండ్ల వయస్సు వచ్చినను బడి మొగమెఱుగని బాలుడొకడు ఆమెకు తటస్థపడెను. ఆమె వైద్యుని అడిగి లేపనము తెచ్చి శ్రద్ధగా పూసెను. పుండ్లు మానెను. బాలుడు బడికి పోయెను. ఒక డబ్బీ లేపనమునకును కొంచెము శ్రద్ధకును నోచుకొనక ఒక బాల్యము వృథాయగుచుండెనని ఆమె గ్రహించెను.

1902 అక్టోబరులో ఆమె సంస్థకు చెందిన లీనా రోజర్స్ అను నర్సు, ప్రయోగముగా ఒక నెలపాటు, నాలుగు పాఠశాలలలో పని ప్రారంభించెను. లీనా రోజర్స్ కెనడా దేశమున పుట్టినది. ఆమె పుండ్లు కడిగి కట్టుగట్టెను. కండ్లలో మందు వేసెను. పిమ్మట పిల్లలను ఇండ్లకు గాక తరగతులకే పంపెను. సాయంకాలములందు వారి ఇండ్లకు పోయి, తల్లులకు శుభ్రత నేర్పెను. నెల తిరుగునప్పటికే నగరపాలకులకు ఆ పని విలువ తెలిసినది. మఱికొందఱు నర్సులను నియమించిరి. 1902 సెప్టెంబరులో వ్యాధుల కారణమున బడినుండి పంపివేయబడిన పిల్లలు 10,567 మంది. 1903 సెప్టెంబరులో అట్టివారు 1,101 మంది మాత్రమే. బిడ్డను బడినుండి తొలగించుటకు మారు, బిడ్డనుండి వ్యాధిని తొలగింపవలెనను ధర్మము ఆనాడు స్థిరపడినది.

ఆనాటి నర్సు గదికి గజ్జితోను కంటిజబ్బుతోను పిల్లలు వచ్చిరి. నేటి నర్సు గదికి వారితోపాటు ఆందోళనతో కడుపు చేతబట్టుకొని వచ్చు పిల్లలును ఉన్నారు. ధర్మము మాత్రము మాఱలేదు. ఇప్పుడు మన బాలిక వద్దకు తిరిగి వత్తము.

నర్సు ఆమెను మంచముపై కూర్చుండబెట్టి మొదట జ్వరము చూచెను, నాడి చూచెను. ఏమి తిన్నదో, రాత్రి నిద్ర పట్టినదో లేదో, నొప్పి ఎప్పుడు మొదలైనదో అడిగెను. ఆందోళన యని తొందరపడి తీర్పు చెప్పరాదు. జ్వరము, వాంతులు, నిద్రనుండి మేల్కొలుపు నొప్పి, బరువు తగ్గుట వంటి చిహ్నములున్నచో వైద్యునికి చూపవలసినదే. ఆ బాలికయందు అవి యేవియు లేవు. నాడి మాత్రము వేగముగా కొట్టుకొనుచున్నది. చేతులు చల్లబడియున్నవి.

“సిస్టరుగారూ, నిజముగా నొప్పిగా నున్నదండీ. నేను నటించుటలేదండీ” అని బాలిక బొటబొట కన్నీరు కార్చెను.

“నీకు నొప్పిగా నున్నదని నేను నమ్ముచున్నాను తల్లీ” అని నర్సు పలికెను.

ఈ ఒక్క మాటయే మొదటి మందు. “ఏమియు లేదు, పొమ్ము” అన్నచో బిడ్డ తన బాధను మఱి యెవ్వరికిని చెప్పదు. “అయ్యో, ఎంత కష్టము!” అని తానును కంగారుపడినచో బిడ్డ భయము రెట్టింపగును. నమ్మవలెను, నెమ్మదిగా నుండవలెను.

రెండవ మందు ఊపిరి. గుండె వేగమును మనము ఆజ్ఞాపించి తగ్గింపలేము. ఊపిరిని మాత్రము మన యిచ్ఛవచ్చినట్లు నడుపగలము. వడివడిగా ఊపిరి తీయునపుడు శరీరమునుండి బొగ్గుపులుసు వాయువు అధికముగా పోవును. అందుచే తల తిరుగును, వ్రేళ్ళు తిమ్మిరులెక్కును. మెల్లగా ఊపిరి విడుచునపుడు గుండె కొంచెము నిదానించును. నర్సు బాలికను పొట్టపై చేయి ఉంచుకొమ్మనెను. నాలుగు లెక్కపెట్టునంతవఱకు ముక్కుతో గాలి తీసికొని, ఆఱు లెక్కపెట్టునంతవఱకు మెల్లగా విడువుమనెను. తానును ఆమెతోపాటు అట్లే చేసెను. మూడు నిమిషములైనవి. బాలిక భుజములు జాఱినవి, చేతులు వెచ్చబడినవి.

అప్పుడు నర్సు అడిగెను: “ఈ ఉదయము నీ మనస్సులో మొదట మెదలిన తలంపేమి?”

బాలిక కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “లెక్కల మాస్టరుగారు నన్ను నల్లబల్లకడకు పిలుతురు. నాకు రాదు. అందఱును నవ్వెదరు” అనెను.

నర్సు ఆ తలంపును ఒక కాగితముపై వ్రాయించెను. “నిన్నెన్నిసార్లు పిలిచిరి?” “రెండుసార్లండీ.” “రెండుసార్లును రాలేదా?” “ఒకసారి వచ్చినదండీ.” “రానప్పుడు ఏమైనది?” “మాస్టరుగారే చెప్పిరండీ. ఇద్దఱు నవ్విరి.” తలలో నున్నంతసేపు కొండవలె కనబడిన భయము కాగితముపై రెండు పంక్తులైనది. భయము పూర్తిగా అబద్ధమని నర్సు చెప్పలేదు. ఇద్దఱు నవ్విన మాట నిజమే. కాని అందఱును నవ్వలేదు. ఆ దినము గడచిపోయినది. ఆకాశము విఱిగి మీదబడలేదు.

నర్సు వద్ద ఒక చిట్టాపుస్తకముండెను. అందు బాలిక వచ్చిన ఐదు దినములును, వేళలును వ్రాయబడియుండెను. ఐదును నల్లబల్లపై లెక్కలు చేయించు దినములే. తోడిబాలికలు దానిని చూచియే “నటన” అనిరి. నర్సు అదే దానిని చూచి మూలము కనుగొనెను. కన్నులు అందఱికిని ఉన్నవి, చూపులో భేదమున్నది.

పది నిమిషములైన పిమ్మట నర్సు బాలికను తరగతికి పంపెను. “ఈ పూట పండుకొందునండీ” అని బాలిక వేడుకొనెను. అందుకు ఒప్పుకొనుట దయవలె కనబడును. కాని భయమునుండి తప్పించుకొన్న ప్రతిసారియు క్షణకాలము ఊరట కలుగును. మఱునాడు ఆ భయము వడ్డీతోకూడ తిరిగివచ్చును. అప్పు ఎగవేసినవాడు ఋణదాత వీథిలోనికి పోజాలనట్లు, భయమును తప్పించుకొనువాడు నానాటికి ఇఱుకు త్రోవలలోనే తిరుగవలసివచ్చును. అయితే బిడ్డను ఒక్కసారిగా ఎత్తుమీదికి నెట్టరాదు. మెట్లు కట్టవలెను.

మెట్లు కట్టు విధమును తెలుపు ముచ్చట యొకటి కలదు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు 1924లో దానిని ప్రకటించెను. ఆమె పీటర్ అని పేర్కొనిన సుమారు మూడేండ్ల బాలుడు కుందేలును చూచినచో కెవ్వున ఏడ్చెడివాడు. అతడు తనకిష్టమైన తినుబండారము తినుచుండగా కుందేలును పంజరములో నుంచి దూరముగా పెట్టిరి. అతడు సహించిన కొలది దినదినమును కొంచెము దగ్గఱకు జరిపిరి. భయములేని పిల్లలు కుందేలుతో ఆడుకొనుటయు అతనికి చూపిరి. నడుమ బాలునికి జ్వరము వచ్చి సుమారు రెండు నెలలు ఆసుపత్రిలో నుండెను. తిరిగి వచ్చునపుడు ఒక పెద్ద కుక్క మీదికి దుమికినది. అతడును, వెంటనున్న నర్సును మిక్కిలి భయపడిరి. బాలుని పాత భయము తిరిగివచ్చెను. మరల మొదటినుండి ప్రారంభించిరి. తుదకు కుందేలు తన వ్రేళ్ళను కొఱుకుచున్నను అతడు నవ్వుచు ఊరకుండెను.

ఈ ముచ్చటలో రెండు నీతులున్నవి. ధైర్యము మెట్టుమెట్టుగా వచ్చును. ఒక మెట్టు జాఱినంతమాత్రమున చేసిన పని వ్యర్థము కాదు.

మన నర్సును అట్లే చేసెను. ముందుగా, “నీ సంగతి మాస్టరుగారితో చెప్పవచ్చునా?” అని బాలిక అనుమతి అడిగెను. బాలిక తల యూపెను. ఉపాధ్యాయుడు, నర్సు, బాలిక ముగ్గురును కలిసి మెట్లు నిర్ణయించిరి. మొదటి వారము బాలిక తన చోటనే కూర్చుండి జవాబు చెప్పవలెను. రెండవ వారము స్నేహితురాలితో కలిసి నల్లబల్లకడకు పోయి, ఒక్క పంక్తి వ్రాయవలెను. మూడవ వారము ఒంటరిగా చిన్న లెక్క చేయవలెను. ప్రతి దినమును రాత్రి పరుండబోవు ముందు, భయము లేని వేళలోనే, ఊపిరి అభ్యాసము చేయవలెను. ఈత ఏటిలో పడిన పిమ్మట నేర్చుకొనునది కాదు గదా!

రెండవ వారమున ఒకనాడు బాలిక మరల కడుపు చేతబట్టుకొని వచ్చినది. నర్సు కోపింపలేదు. ఊపిరి తీయించి, పది నిమిషములకు తిరిగి పంపినది. నాలుగవ వారమున బాలిక ఒంటరిగా నల్లబల్లకడ నిలిచెను. చేయి వణకెను. రెండవ పంక్తిలో గుర్తు తప్పు వేసెను. ఒకరు నవ్విరి. ఆమె ఊపిరి మెల్లగా విడిచి, తప్పు తుడిచి, సరిచేసి, లెక్క పూర్తిచేసి వచ్చి కూర్చుండెను. ఆ దినమునను ఆమెకు భయము వేసినది. కాని భయమును వెంటబెట్టుకొనియే ఆమె పని ముగించినది. ధైర్యమనగా ఇదియే.

నర్సు సర్వము చేయగలదని తలపరాదు. వారములు గడచినను ఆందోళన తగ్గక, నిద్రయు ఆహారమును చదువును చెడుచున్నచో, తల్లిదండ్రులకు చెప్పి మానసిక వైద్యునికి చూపవలెను. బిడ్డ తనకు తాను హాని చేసికొందునని పలికినను, ఎవ్వరైన బిడ్డను హింసించుచున్నట్లు తెలిసినను, నర్సు ఆ మాటను రహస్యముగా నుంచదు. వెంటనే పెద్దలకు తెలుపును. ఇతర విషయములను మాత్రము ఆ గది గోడలు దాటనీయదు.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములకు ఏ.ఎన్.ఎం. అను ఆరోగ్యకార్యకర్త పదవి కలదు. అనేక గురుకులములయందు నర్సులున్నారు. ప్రతి పాఠశాలకును ఇట్టి భాగ్యము లేదు. అందుచే 2020లో దేశమున ఆరంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమమున, పాఠశాలకు ఇద్దఱు ఉపాధ్యాయులకు ఆరోగ్యవిషయములలో శిక్షణ ఇచ్చు ఏర్పాటు చేయబడినది. 2022 అక్టోబరు 10వ తేదీన టెలి మానస్ అను మానసికారోగ్య సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ఆపదలోనున్న బాలలకు 1098 అను సంఖ్య కలదు. నర్సు లేనిచోట నమ్మకమైన ఉపాధ్యాయునికో, తల్లికో, తండ్రికో చెప్పికొనవలెను. చెప్పికొనుట పిఱికితనము కాదు.

బాలబాలికలారా! మీ తరగతిలోను కడుపు చేతబట్టుకొని వరుస విడిచిపోవు తోడి విద్యార్థి యుండవచ్చును. “నటన” అను మాట పెదవులపైకి వచ్చినపుడు ఒక్కక్షణము ఆగుడు. పుండు కనబడిన బిడ్డకు కట్టు కట్టుటకు ఎవరైనను ముందుకు వత్తురు. కనబడని నొప్పిని నమ్మువారే నిజమైన స్నేహితులు. నర్సు గదివఱకు తోడుగా పొండు. పది నిమిషములకు తరగతికి తోడి తెండు.

ప్రశ్నలు

1. భయము కలిగినపుడు శరీరమున కలుగు మార్పులేవి? అందువలన కడుపునొప్పి ఎట్లు వచ్చును?

2. లీనా రోజర్స్ చేసిన పని వలన న్యూయార్కు పాఠశాలలలో కలిగిన మార్పును వివరింపుడు.

3. నర్సు బాలికను ఆ పూట పరుండనీయక తరగతికి పంపుటకు కారణమేమి? అది దయ యగునా, కాదా? మీ అభిప్రాయము వ్రాయుడు.

4. “కన్నులు అందఱికిని ఉన్నవి, చూపులో భేదమున్నది.” ఈ వాక్యమును సందర్భసహితముగా వివరింపుడు.

5. మీకు భయము కలిగించు పని యొకదానిని ఎంచుకొని, దానిని సాధించుటకు నాలుగు మెట్లు వ్రాయుడు.